తాతయ్య పళ్ళు ఉడికించిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఇంట్లో పళ్ళు ఊడేవాళ్ళం ఇద్దరమే, నేనూ మా తాతయ్యా. నావి పాలపళ్ళు కాబట్టి ఊడిన చోట వాటంతటవే వచ్చేవి. ఆయనవి కట్టుడు పళ్ళు కాబట్టి ఊడిన చోట ఆయనే పెట్టుకునేవాడు. అద్దం ముందు పక్కపక్కన నిలబడి, నోళ్ళు తెరిచి, ఎవరి బోసి ఎంతో పోల్చుకునేవాళ్ళం. ఇద్దరిలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తేడా ఆ అద్దంలో కనిపించేది కాదు. ఆ తేడాను ఆయనకు గుర్తు చేసినదాన్ని నేనే.

అవి తొంభైల మొదటి రోజులు. ఖతార్ దేశంలోని దోహాలో, ఉమ్ ఘువైలినా అనే పేటలో, రెండు పడగ్గదుల ఫ్లాటు మాది. నాన్న ఒక కంపెనీలో ఇంజనీరు. నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఎనిమిది నెలలు. మా నానమ్మ పోయిన ఏడాదికి నాన్న విజిట్ వీసా తీసి తాతయ్యను మా దగ్గరికి రప్పించాడు. గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు తెలుగు మాస్టారుగా చేసిన మనిషి ఊరికే కూర్చోగలడా? వచ్చిన నెలలోపే చుట్టుపక్కల తెలుగువాళ్ళ పిల్లల్ని పోగుచేసి, శుక్రవారం పొద్దున పూట మా హాల్లో కార్పెట్ మీద బడి పెట్టేశాడు. మా స్కూల్లో ఇంగ్లీషూ హిందీ ఉండేవి. తెలుగు మాకు తిట్లు తినడానికి మాత్రమే పనికొచ్చే భాష.

ఆయన పట్టుదల అంతా శ, ష, స ల మీద. మేం ఆ మూడింటినీ ఒకే సంచిలో వేసి కలిపేసేవాళ్ళం. ఆయన ఒక్కొక్కదాన్నీ విడదీసి, నాలుక ఎక్కడ ఆనాలో నోరు తెరిచి మరీ చూపించేవాడు. త, థ, ద, ధ, న దగ్గరికి వచ్చేసరికి పై పళ్ళ వెనక నాలుక ఆనించి, "ఇవి దంత్యాలర్రా, పళ్ళున్నవాడి సొత్తు" అనేవాడు. ఒకసారి నాతో రహస్యంగా చెప్పాడు: "పళ్ళు లేకుండా దంత్యాలు నేర్పితే పిల్లకాయలు నవ్వుతారే అమ్మలూ. తిండి కోసం కాదు, బడి కోసం కట్టించుకున్నాను ఇవి."

మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఆ పళ్ళు రెండు వరసలూ తీసి స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి వేసేవాడు. ఆ నీళ్ళు పట్టడం ఒక పెద్ద తతంగం. దోహా ఎండాకాలంలో డాబా మీది ట్యాంకు కాగి, మామూలు కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమనేది. అందుకని గీజరు కట్టేసి, అందులో నిలవున్న నీళ్ళే చల్లగా ఉంటాయని వాడుకునేవాళ్ళం. తాతయ్యకు అదొక వింత. "ఈ దేశంలో వేణ్ణీళ్ళు కుళాయిలోంచీ, చన్నీళ్ళు గీజరులోంచీ వస్తాయి" అని పెదనాన్నకు ఉత్తరం కూడా రాశాడు. పళ్ళ గ్లాసులోకి మాత్రం గీజరు నీళ్ళే కావాలని పట్టుబట్టేవాడు. వేడి తగిలితే తన చెయ్యి కాలుతుందనే భయమేమో అనుకున్నాను. ఆ భయం పళ్ళ గురించని నాకు తోచలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం తాతయ్య, అమ్మ, తమ్ముడు ముగ్గురూ పడుకున్నారు. కింది ఫ్లాటులో నా ఈడు మలయాళీ పిల్ల ఒకతి ఉండేది. మా తాతయ్య పళ్ళు తీసి పెట్టుకోగలడని నేను నెల రోజులుగా చెబుతున్నా, "ఝూఠ్" అని కొట్టిపారేసేది. ఆ ఒక్క మాట మీద నా పరువు ఆధారపడి ఉందనిపించింది. గ్లాసులోంచి పై వరస తీసి, గౌను జేబులో వేసుకుని, మెట్లు దిగాను.

ఆ పిల్ల చూసింది. కెవ్వుమంది. ఆ కేకకు నా చేతిలోంచి పళ్ళు జారి బిల్డింగు పక్కన ఇసుకలో పడ్డాయి. నేను వంగేలోపల నీడలో పడుకున్న పిల్లి లేచి వచ్చి, వాసన చూసి, ఓ మారు నాకి, చేపముక్క కాదని తేల్చుకుని వెళ్ళిపోయింది. మా తాతయ్య పూజ చేసుకునే మనిషి. ఆ నోట్లోకి పిల్లి ఎంగిలా!

ఇక్కడే నా తెలివి పనిచేసింది. పనిచేయకపోతే ఈ కథే ఉండేది కాదు. తమ్ముడి పాలసీసా కింద పడితే అమ్మ ఏం చేసేది? గిన్నెలో నీళ్ళు మరిగించి, సీసా వేసి, పది నిమిషాలు ఉడికించి, పట్టకారుతో తీసేది. "ఇక ఏ పురుగూ ఉండదు" అనేది. నేనూ అదే గిన్నె పెట్టాను. స్టూలెక్కి స్టవ్వు వెలిగించాను. గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు, పిల్లి కాబట్టి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ, మా తాతయ్య పళ్ళు ఉడికించాను. నీళ్ళలో అవి టకటకమంటూ గిన్నెకు కొట్టుకుంటుంటే లోపల ఎవరో నవ్వుతున్నట్టే ఉండింది. తీసి చూస్తే చిగుళ్ళ గులాబీ రంగు కాస్త పాలిపోయింది, అంతే. చల్లార్చి, గ్లాసులో వేసి, వెళ్ళి పడుకున్నాను. మంచిపని చేశానన్న తృప్తి కూడా కొంచెం ఉండింది.

సాయంత్రం తాతయ్య పళ్ళు పెట్టుకున్నాడు. కాఫీ తాగబోతే పై వరస జారి గ్లాసు అంచు మీద కూర్చుంది. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ జారింది. అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు. "ఎవరైనా ముట్టుకున్నారా?" అని అమ్మ నా వైపు చూసింది.

నాకు ఒళ్ళంతా చల్లబడింది. గీజరు నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవు. అంతకు కొద్ది రోజుల ముందే తాతయ్య నాకొక సంగతి చెప్పాడు. నానమ్మ చివరి రోజుల్లో చిక్కిపోతే ఆవిడ వేలి ఉంగరం వదులై ఊరికే జారిపోయేదట. అలా జారడం మొదలయ్యాకే, మనిషి ఇక ఉండదని ఆయనకు తెలిసిపోయిందట. ఆ ఉంగరం ఆయన చిటికెన వేలికి ఉండేది. చెబుతూ దాన్ని తిప్పుకున్నాడు. ఆ సంగతి నా నోటికి ఎంత చక్కగా అందివచ్చిందో!

"నానమ్మకు ఉంగరం వదులైంది కదా తాతయ్యా, అలా నీ నోరు చిన్నదైపోయిందేమో. నువ్వూ పెద్దవాడివి కదా" అన్నాను.

తాతయ్య పళ్ళు తుడిచి గ్లాసులో వేసేశాడు. "పిల్లకు తట్టింది నాకు తట్టలేదు చూడరా" అన్నాడు నాన్నతో. కట్టుడు పళ్ళు ఆయనకు అమరలేదు గానీ, నా కట్టుకథ మాత్రం ఎక్కడా వదులు లేకుండా అమరింది.

మర్నాడు పిల్లలు వస్తే, ఒంట్లో బాగాలేదని అమ్మ గుమ్మం దగ్గర్నుంచే పంపేసింది. తాతయ్య లోపలి గదిలో కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మాటల్లో స హ గా మారిపోయింది. సరే అన్న ప్రతిసారీ హరే అని వినిపించేది. మొదటిసారి నేను నవ్వాను. ఆయనా నవ్వాడు, కండువా తీయకుండా. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. పప్పన్నం అమ్మ మిక్సీలో వేసి తమ్ముడికీ తాతయ్యకూ ఒకే గిన్నెలోంచి పెట్టేది. అది చూస్తూ నేను కరకరలాడే అప్పడం తినలేక ప్లేటు కింద దాచేసేదాన్ని.

వారానికి నాన్న మమ్మల్ని అల్ ముంతజా పేటలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడది హైదరాబాదు. నన్ను చూడగానే, "ఏం బిడ్డా, తాతకు తోడొచ్చినవా? భయపడకు, నేను పళ్ళు పీకెటోళ్ళల్ల లేను. పోయిన కాడ పెట్టెటోళ్ళల్ల ఉన్న" అంది. అద్దాల బీరువాలోంచి తీసి ఒక్కొక్కటే నా చేతికిచ్చింది. విరిగిన పన్ను మీద టోపీలా తొడిగేది ఒకటి. మధ్యలో ఒక పన్ను పోతే, అటూ ఇటూ ఉన్న పళ్ళను స్తంభాలు చేసుకుని కట్టే వంతెన ఒకటి. అసలేమీ మిగలనివాళ్ళకు నిండు వరసలు. ఇంకొకప్పుడైతే ఎంత సంబరపడేదాన్నో.

తర్వాత ఆవిడ తాతయ్య పై వరసను ఆయన నోట్లో పెట్టి, రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూసింది. అది ఉయ్యాల బల్లలా ఊగింది. కింది వరస కదల్లేదు. ఆవిడ కనుబొమలు ముడిచింది.

"చిగుళ్ళు అరిగితే కింది సెట్టు ముందు వదులైతది తాతగారూ. ఇది ఒక్క దినంల పైది ఒక్కటే వంకర పోయింది. వేణ్ణీళ్ళల్ల గిట్ల ఏసిన్రా?"

"కట్టించుకున్న ఈ ఎనిమిదేళ్ళల్లో ఒక్కనాడూ వెయ్యలేదమ్మా" అన్నాడు తాతయ్య. "పళ్ళ తప్పేం లేదులే. నా నోరే చిక్కిపోయింది. మా మనవరాలే కనిపెట్టింది." ఆ చివరి మాట అంటూ నా తల మీద చెయ్యి వేశాడు, గర్వంగా.

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అట్లనా? మనవరాలు మస్తు హుషారున్నది" అంది. నేను నేల మీద పలకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పాత వరస బాగుకాదనీ, పైది కొత్తగా చెయ్యాలనీ తేల్చింది. అక్కణ్ణించి గురువారం గురువారం వెళ్ళడమే. మొదటి వారం ముద్దలాంటి మందు పళ్ళెంలో నింపి, అంగిట్లో పెట్టి అచ్చు తీసింది. తర్వాతి వారం ఆ అచ్చును బట్టి ఆయన నోటికే సరిపడే పళ్ళెం చేయించి, మళ్ళీ ఇంకా సన్నంగా ఇంకో అచ్చు తీసింది. ఆ పై వారం పళ్ళ వరస ఉండాల్సిన చోట మైనపు గట్టును నోట్లో పెట్టి, పైదవడకూ కిందిదవడకూ ఎంత ఎడముండాలో కొలిచింది. ప్రతిసారీ నేను వెళ్ళాను. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాల్సి వస్తుందని భయం.

ఈలోగా ఇంట్లో ఇంకొకటి జరిగింది. ఒక రాత్రి అన్నాల దగ్గర తాతయ్య నాన్నతో, "వీసా ఉందని దసరా దాకా ఎందుకురా, వచ్చే నెలకే టికెట్టు చూడు. మీ అన్నయ్య దగ్గరికి పోతాను" అన్నాడు.

"బడి ఎవరు చెబుతారు నాన్నా?" అన్నాడు నాన్న.

"నోరు జారిపోతున్నవాడు బడేం చెబుతాడు? ఒకటి మొదలైతే ఇక వరసగా అన్నీ వదులవుతాయి. మీ అమ్మకు చూశాంగా." ఆయన చిటికెన వేలి ఉంగరం తిప్పుకుంటున్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "నీళ్ళు" అని అడిగి తాగేసి లేచిపోయాను.

ఇంకో గురువారం వచ్చింది. ఈసారి డాక్టరమ్మ దగ్గర పళ్ళు తయారుగా ఉన్నాయి, మైనంలో గుచ్చి. వాటిని తాతయ్య నోట్లో అమర్చింది. నెల తర్వాత ఆయన మూతి మళ్ళీ నిండుగా కనిపించింది. ఇక అయిపోయిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

"అంకెలు చెప్పుండ్రి తాతగారూ. ఇంగ్లీషోళ్ళయితే సిక్స్టీ సిక్స్, సిక్స్టీ సెవెన్ అంటరు, స మంచిగొస్తుందా లేదా తెలుస్తది."

"మన అరవై ఆరులో స ఎక్కడుందమ్మా?" అన్నాడు తాతయ్య. ఆ మాటలోనే మాస్టారు కొంచెం తిరిగివచ్చాడు.

"అయితే పిల్లలకు చెప్పే పాఠమే చెప్పుండ్రి." ఆవిడ నన్ను పిలిచి గోడ వైపు తిప్పి నిలబెట్టింది. "నాకు తాత గొంతు కొత్త బిడ్డా. నీకు తెలుసు. నువ్వు చూడకు, ఇను. ఇవింక మైనంల ఉన్నయ్. ఇప్పుడైతే ఒక్కో పన్ను వేలితోని ఇటు జరుపుత, అటు జరుపుత. నువ్వు సరే అన్నంక ల్యాబుల ఈ మైనం తీసేసి, ఆ జాగల ప్లాస్టిక్ నింపి ఉడికిస్తరు. ఒక్కసారి ఉడికినంక ఎవ్వరు మార్చలేరు. తప్పుంటే మైనంల ఉన్నప్పుడే చెప్పాలె. సమజైందా?"

ఉడికిస్తరు అన్న మాట దగ్గర నా వీపు మీద ఆవిడ చెయ్యి ఉంది. ఆవిడకు తెలుసో తెలియదో నాకు ఈ రోజుకీ తెలియదు.

తాతయ్య మొదలుపెట్టాడు. త, థ, ద, ధ, న లు గట్టిగా, గంటల్లా వచ్చాయి. శ వచ్చింది. ష వచ్చింది. స దగ్గర సన్నగా ఈల వేసింది.

"ఎట్లుంది బిడ్డా?"

"బాగుంది" అన్నాను. అయిపోవాలి, ఇంటికి పోవాలి, ఈ గోడ ముందు నుంచి కదలాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

"పక్కానా? ఉడికించమని చెప్పనా?"

గోడకు వేసిన ఆకుపచ్చ రంగు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. ఎంతసేపు దాన్ని చూశానో. ఆ ఈలతో తాతయ్య పిల్లల ముందు కూర్చుంటాడు. పిల్లలు నవ్వుతారు. అది కూడా తన నోటి తప్పే అనుకుంటాడు.

"బాగాలేదు. స ఈల వేస్తోంది" అన్నాను. ఆ ఒక్క నిజం వెనకాలే రెండోదీ తోసుకుని వచ్చేసింది. "తాతయ్యా, నీ నోరు చిన్నదవ్వలేదు. నేను ఉడికించాను. పిల్లి నాకిందని, తమ్ముడి సీసా గిన్నెలో ఉడికించాను."

తిరిగి చూడాలంటే భయం. చూశాను. తాతయ్య మైనం పళ్ళూ, కింది వరసా జాగ్రత్తగా తీసి డాక్టరమ్మ చేతికిచ్చి, నిండు బోసినోటితో నవ్వుతున్నాడు.

"అయితే నాకేం కాలేదా డాక్టరమ్మా?"

"ఏం గాలె. మీ నోరు మంచిగనే ఉన్నది."

"చిగుళ్ళు?"

"పక్కాగున్నయ్."

"చూశావట్రా!" అన్నాడు తాతయ్య, తలుపు దగ్గర నిలబడ్డ నాన్నతో. "నాకేం కాలేదట!" కారులో కూర్చునేలోపు ఈ మాట మూడుసార్లు అన్నాడు. నాన్న నా మీద కళ్ళెర్రజేస్తే, "దాన్నేమీ అనకు, ముందా టికెట్టు సంగతి మానుకో" అన్నాడు. నెల రోజులుగా ఆయన మోస్తున్నదేమిటో నాకు అప్పుడు తెలిసింది. పళ్ళు పోయాయని కాదు ఆయన దిగులు. తానే పోతున్నానని. ఆ బరువు ఆయన నెత్తిన పెట్టినదాన్ని నేను. దించడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం ఆయన్ను నాలుగు వారాలు కూర్చోబెట్టాను.

కథ అక్కడ అయిపోతే నాకు కాస్త సుఖంగా ఉండేది. ఆ సాయంత్రం బాల్కనీలో తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మసీదు నుంచి మగ్రిబ్ బాంగు, సాయంకాలపు నమాజు పిలుపు, వినిపిస్తోంది. అది అయ్యేదాకా ఆగాడు.

"పళ్ళ సంగతి వదిలెయ్ అమ్మలూ. పిల్లి మూతి పెట్టిందని కడగాలనుకున్నావు, మంచిదే. ఆ ఉంగరం మాట ఎందుకన్నావే?"

"నువ్వే చెప్పావు కదా తాతయ్యా" అన్నాను.

"అవును. నేనే చెప్పాను" అన్నాడు. ఉంగరం తిప్పుకుని, "చెప్పుకోడానికి ఎవరూ లేక నీకు చెప్పుకున్నాను" అన్నాడు.

అంతే. మందలించలేదు. జేబులోంచి ఖర్జూరం తీసి గింజ తీసేసి నాకిచ్చాడు. ఆయన నమలలేని ఖర్జూరాన్ని నేను పళ్ళున్న నోటితో నమలలేకపోయాను.

డాక్టరమ్మ ఇంకోసారి పళ్ళు జరిపి చూసింది. ఈసారి నేను గోడ ముందు నిలబడి మూడుసార్లు చెప్పించుకుని విన్నాకే సరే అన్నాను. కొత్త వరస వచ్చిన తర్వాతి శుక్రవారం హాల్లో మళ్ళీ బడి సాగింది. శ, ష, స లు ముగ్గురు వేరువేరు మనుషుల్లా వచ్చి కూర్చున్నాయి. తాతయ్య వీసా గడువు చివరి రోజు దాకా ఉన్నాడు. అందరితో అన్నీ మాట్లాడాడు. నాకు పద్యాలు చెప్పాడు, సామెతలు చెప్పాడు, తన బడిలో పిల్లల అల్లరి చెప్పాడు. నానమ్మ సంగతి మాత్రం మళ్ళీ నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఇప్పుడు నా పళ్ళకూ వంతు వచ్చింది. పోయిన ఏడాది దవడపన్ను ఒకటి విరిగితే టోపీ తొడిగారు. పన్ను ఎక్కడ తగులుతోందో చూడ్డానికి ఆ డాక్టరు నీలం కాగితం కొరికించి "ఎత్తుగా ఉందా అండీ?" అని అడిగినప్పుడల్లా, మొహమాటం నా నోటి దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. మా అమ్మాయి ఎప్పుడైనా తల వంచుకుని గుమ్మం దగ్గర నిలబడితే, నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఇంకా మైనమేనా, ఉడికిపోయిందా?" మైనమే అంటే ఇద్దరం కూర్చుని సరిచేసుకుంటాం. అది నాకు ఆ డాక్టరమ్మ ఇచ్చింది.

తాతయ్య నోటి అచ్చు, తెల్లటి సుద్దది, ఆవిడ నాకే ఇచ్చేసింది. ఇన్ని ఇళ్ళు మారినా నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. చిన్నదేమీ కాదు, పెద్ద నోరే. కొత్త పళ్ళు దాని మీద చక్కగా అమరాయి. ఉంగరం మాట మాత్రం అన్న రోజునే ఉడికిపోయింది.